కారు పట్నంలో, నోటీసు పల్లెలో
బీమా కట్టినా రైతు నెత్తిన అప్పు. బండి ఎవరు నడిపారన్నదే అసలు మెలిక

కల్వకుర్తి: ఆ రైతుకు అరవై ఏళ్లు దాటాయి. స్టీరింగు ఏనాడూ పట్టుకోలేదు. లైసెన్సు లేదు. హైదరాబాదులో ఏ రోడ్డు ఎటు పోతుందో ఆయనకు తెలియదు. అయినా హైదరాబాదులో జరిగిన ఒక కారు ప్రమాదానికి నష్టపరిహారం సొమ్మును ఆయనే కట్టాలని కోర్టు నుంచి కాగితం వచ్చింది. ఎకరం పొలం అమ్మితే గానీ తీరని మొత్తం అది.

"ఇన్సూరెన్సు కట్టినం గద సారూ! ఒక్క ఏడు గూడ తప్పలేదు. మల్ల నా మీదికి ఎందుకొచ్చింది?" అని ఆయన ఈ విలేకరిని అడిగారు. చేతిలోని ప్లాస్టిక్ సంచిలో బీమా కాగితాలన్నీ ఏడాది వారీగా మడతపెట్టి ఉన్నాయి. పరువు పోతుందని, పేరు, ఊరు రాయవద్దని కోరారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కడిది కాదు. మన జిల్లా నుంచి పట్నం పోయి కార్లు, ఆటోలు నడుపుకొంటున్న యువకులు ఎందరో ఉన్నారు. బండి పట్నంలో తిరుగుతుంది. అప్పు పత్రం, రిజిస్ట్రేషన్ కాగితం మాత్రం చాలాచోట్ల ఊళ్లోని తండ్రి పేరు మీద ఉంటాయి. అందుకే బీమా సంగతి పట్నంవాళ్ల వ్యవహారమని మనం వదిలేయడానికి వీల్లేదు.

జరిగింది ఇది

ఆ రైతు కొడుకు శంషాబాద్ విమానాశ్రయం దగ్గర కిరాయి కారు నడిపేవాడు. కారు కొన్నప్పుడు అప్పిచ్చినవారు భూమి ఉన్నవారి సంతకం కావాలన్నారు. దానితో కారు తండ్రి పేరు మీదే రిజిస్టరు అయింది. ఒక రాత్రి కొడుకుకు జ్వరం వచ్చింది. కిరాయి పోతుందని, అదే గదిలో ఉండే స్నేహితునికి తాళం చెవి ఇచ్చి ఒక్క ట్రిప్పు వేసి రమ్మన్నాడు. ఆ స్నేహితునికి కారు తోలడం వచ్చు. కానీ చేతిలో ఉన్నది మోటారు సైకిలు లైసెన్సు మాత్రమే.

ఆ ట్రిప్పులోనే కారు ఒక స్కూటరును ఢీకొన్నది. స్కూటరు మీది మనిషి చనిపోయాడు. అతనికి భార్య, చిన్న పిల్లలు ఉన్నారు. వారు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో కేసు వేశారు. రిజిస్ట్రేషన్ కాగితంలోని చిరునామాకు, అంటే ఊళ్లోని రైతు ఇంటికి, సమను వచ్చింది. "ఇన్సూరెన్సోళ్లే చూసుకుంటరు నాయినా, నువ్వు పరేషాన్ కాకు" అని కొడుకు ఫోనులో చెప్పాడు. ఆయన ఆ కాగితాన్ని చూరులో దోపి పొలానికి పోయారు.

కోర్టులో ఆయన తరఫున మాట్లాడేవారు ఎవరూ లేకపోయారు. మృతుని కుటుంబానికి బీమా కంపెనీ ముందుగా డబ్బు చెల్లించాలి, తర్వాత ఆ మొత్తాన్ని కారు యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చు అని తీర్పు వచ్చింది. కంపెనీ చెల్లించింది. ఇప్పుడు వసూలుకు వచ్చింది.

"ఆ పిల్లలకు పైసలు అందినయి. అది మంచిదే, వాళ్ల ఉసురు నాకొద్దు. కానీ నా ఎకరం పోతే నా మనుమలేం తినాలె?" అని ఆ రైతు అన్నారు.

కట్టేటప్పుడు అడగని ప్రశ్న

కారుకు బీమా రెండు విధాలు. మొదటిది థర్డ్ పార్టీ బీమా. మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ఇది వర్తిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ఈ బీమా లేకుండా బండిని రోడ్డు ఎక్కించరాదు. 2019లో చట్టాన్ని సవరించాక, బీమా లేని బండి మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. రెండోసారి జరిమానా 4,000 రూపాయలు. రెండవది మన బండికి జరిగిన నష్టానికి చేయించుకునే బీమా. ఇది మన ఇష్టం. ఈ రెండూ కలిపి ఒకే కాగితంగా తీసుకుంటే దానిని ప్యాకేజీ పాలసీ అంటారు.

థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కంపెనీలు తమ ఇష్టం వచ్చినట్లు పెట్టడానికి లేదు. అన్ని కంపెనీలకూ ఒకే రేటు ఉంటుంది. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం, 1,000 సీసీ దాటని సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1,500 సీసీ వరకు 3,416 రూపాయలు, ఆ పైన 7,897 రూపాయలు. పన్నులు అదనం. కిరాయికి తిరిగే కారుకు ఇంతకంటే చాలా ఎక్కువ. దానికి మూల ప్రీమియంతోపాటు సీటుకు ఇంత అని కూడా కట్టాలి. రోజంతా రోడ్డు మీద ఉండే బండి ప్రమాదంలో పడే అవకాశం ఎక్కువన్నది ఇక్కడి లెక్క.

ఇందులో ఒక విశేషం ఉన్నది. ఇంజను ఎంత పెద్దది, కారు సొంతానికా కిరాయికా, ఎన్ని సీట్లు అని చూసి రేటు నిర్ణయిస్తారు. నడిపేవాడు ఎవరు, అతనికి ఎన్నేళ్ల అనుభవం ఉంది, ఇంతకు ముందు ఎన్ని ప్రమాదాలు చేశాడు అన్న వివరాలతో ఈ రేటుకు సంబంధం లేదు. ఇరవై ఏళ్లుగా చిన్న గీత కూడా పడకుండా తోలినవాడికీ, నెలకోసారి ఎవరినో గుద్దేవాడికీ థర్డ్ పార్టీ రేటు ఒక్కటే.

పట్నం రేటు వేరు

మన బండికి చేయించే రెండో రకం బీమాలో మాత్రం పట్నానికీ, పల్లెకూ తేడా ఉన్నది. 2002 నాటి టారిఫ్‌లో సొంత కార్లకు దేశాన్ని రెండు జోన్లుగా విభజించారు. హైదరాబాదు, ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగుళూరు, అహ్మదాబాదు, పుణె నగరాలు ఎ జోను. మిగతా దేశమంతా బి జోను. 1,000 సీసీ లోపు, అయిదేళ్లు దాటని కారుకు ఎ జోనులో విలువపై నూటికి 3.127, బి జోనులో 3.039 వంతున రేటు పెట్టారు. అంటే అయిదు లక్షల కారుకు పట్నంలో 15,635 రూపాయలు, పల్లెలో 15,195 రూపాయలు. తేడా 440 రూపాయలు. 2007 నుంచి ఈ రకం బీమాకు కంపెనీలే రేట్లు నిర్ణయించుకొని రాయితీలు ఇస్తున్నాయి.

అయితే జోను నిర్ణయించేది రిజిస్ట్రేషన్ ఎక్కడ జరిగిందన్న దానిని బట్టి. నాగర్‌కర్నూలులో రిజిస్టరు అయి పగలూ రాత్రీ హైదరాబాదులో తిరిగే సొంత కారుకు పల్లె రేటే. ఇక్కడ కూడా నడిపేవాడి ఊసు లేదు.

జాగ్రత్తపరునికి దక్కే మెచ్చుకోలు ఒక్కటే. ఏడాదిలో ఒక్క క్లెయిము కూడా చేయకపోతే మరుసటి ఏడు ఈ రెండో రకం ప్రీమియంలో నూటికి 20 తగ్గిస్తారు. అలా వరుసగా 25, 35, 45 చొప్పున పెరిగి అయిదేళ్లకు 50 వరకు వస్తుంది. ఒక్క క్లెయిము చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. పాలసీ గడువు ముగిశాక 90 రోజులలోగా తిరిగి కట్టకపోయినా ఈ తగ్గింపు పోతుంది.

డల్లాస్‌లో మరో విధం

మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళుతున్న అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ డ్రైవరు చరిత్ర చూసి రేటు చెబుతారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న డల్లాస్ నగరాన్నే తీసుకోండి. తాగి నడిపి శిక్ష పడినవాడికీ, బీమా లేకుండా దొరికినవాడికీ ప్రీమియం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇతనికి బీమా ఉన్నదని హామీ ఇచ్చే ఎస్‌ఆర్-22 అనే పత్రాన్ని కంపెనీ ప్రభుత్వానికి సమర్పించాలి. టెక్సాస్ రాష్ట్రంలో దీనిని రెండేళ్ల పాటు కొనసాగించాలి. కంపెనీలు కాదన్న డ్రైవర్ల కోసం అక్కడ విడిగా ఒక పథకం కూడా ఉంది. దానిలో రేటు ఎక్కువే. నడత చెడిన డ్రైవరు ముందే ఎక్కువ కడతాడన్న మాట.

మన దేశంలో కూడా ఆ దిశగా కొన్ని అడుగులు పడ్డాయి. ట్రాఫిక్ ఉల్లంఘనలను బట్టి ప్రీమియం పెంచాలని, ముందుగా ఢిల్లీలో చూడాలని బీమా నియంత్రణ సంస్థ నియమించిన బృందం 2021 జనవరిలో ప్రతిపాదించింది. ఎంత దూరం తిరిగారు, ఎలా నడిపారు అన్నదానిని బట్టి సొంత బండి బీమా రేటు నిర్ణయించడానికి 2022 జూలైలో కంపెనీలకు అనుమతి లభించింది. ఈ నియంత్రణ సంస్థ కార్యాలయం మన హైదరాబాదు నానక్‌రాంగూడలోనే ఉండటం గమనార్హం.

ప్రమాదం తర్వాత మొదటి ప్రశ్న

కట్టేటప్పుడు డ్రైవరు గురించి అడగరు గనుక ఎవరు నడిపినా చెల్లుతుందని మనవాళ్లు అనుకుంటారు. పొరపాటంతా ఇక్కడే. ప్రతి పాలసీ కాగితంలోనూ డ్రైవరు షరతు ఒకటి ఉంటుంది. ప్రమాదం జరిగే సమయానికి నడిపే మనిషి దగ్గర ఆ రకం బండికి చెల్లుబాటు అయ్యే లైసెన్సు ఉండాలని దాని సారాంశం. ప్రమాదం తర్వాత కంపెనీవారు మొట్టమొదట అడిగేది ఆ లైసెన్సే. తాగి ఉన్నాడా, కారు ఏ పనికి వాడారు అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

లైసెన్సు లేదని తేలితే దారినపోయే బాధితునికి అన్యాయం జరగకూడదు. అందుకే కోర్టులు ఒక మార్గం చూపాయి. కంపెనీ ముందు బాధితులకు చెల్లించాలి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతులను విపులంగా చెప్పింది. అదే తీర్పులో యజమానికి పనికివచ్చే మాట కూడా ఉన్నది. లైసెన్సు లేదని చూపితే మాత్రమే చాలదు, తగిన జాగ్రత్త తీసుకోకుండా యజమాని నిర్లక్ష్యం చేశాడని కూడా కంపెనీయే రుజువు చేయాలి. కానీ ఆ మాట కోర్టులో చెప్పడానికి యజమాని హాజరు కావాలి గదా! మన రైతు సమను చూరులో ఉండిపోయింది.

లైసెన్సు విషయంలో ఒక ఊరట లేకపోలేదు. మామూలు కారు లైసెన్సు ఉన్నవారు కిరాయి కారు నడపాలంటే వేరే అనుమతి ఉండాలని ఎన్నో కేసులలో కంపెనీలు వాదించాయి. కారు లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు కిరాయి బండ్లను కూడా నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. అయితే మోటారు సైకిలు లైసెన్సుతో కారు నడపడానికి ఏ తీర్పూ ఒప్పుకోదు.

తాగి నడిపితే సొంత కారు మరమ్మతుకు కంపెనీ పైసా ఇవ్వనవసరం లేదు. ఢిల్లీలో 2007లో ఒక ఖరీదైన కారు ప్రమాదంలో ధ్వంసమైంది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. డ్రైవరు మద్యం మత్తులో ఉన్నాడన్న కంపెనీ వాదననే 2021లో కోర్టు సమర్థించింది.

తెల్ల నంబరు ప్లేటు కారును కిరాయికి తిప్పడం మరో చిక్కు. ట్యాక్సీ బీమా ఖరీదు ఎక్కువని, పన్నులు ఎక్కువని కొందరు సొంత కారుగా రిజిస్టరు చేయించి పెళ్లిళ్లకు, తిరుపతి యాత్రలకు కిరాయికి పంపుతుంటారు. సొంత వాడకానికని చెప్పి తీసుకున్న బీమా కిరాయి బండికి వర్తించదని కంపెనీ వాదిస్తుంది. మిగిలిన నాలుగు వేలకు ఆశపడితే నాలుగు లక్షల కారు చేతిలోంచి పోవచ్చు. పైగా సొంత కారుకు థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే, కారులో కూర్చున్నవారికి పరిహారం వస్తుందన్న భరోసా లేదు. వారికి రక్షణ కావాలంటే ప్యాకేజీ పాలసీ ఉండాలి.

ఎంత పెద్ద మొత్తం?

పరిహారం ఎలా లెక్కిస్తారో తెలిస్తే లైసెన్సు కాగితం విలువ తెలుస్తుంది. 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేథీ కేసు తీర్పులలో సుప్రీంకోర్టు దీనికి ఒక పద్ధతి ఏర్పరచింది.

ఉదాహరణకు, నెలకు 15,000 రూపాయలు సంపాదించే 30 ఏళ్ల కూలీ ప్రమాదంలో చనిపోయాడనుకోండి. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడి ఉన్నారు. ఏడాదికి సంపాదన 1,80,000 రూపాయలు. బతికి ఉంటే ముందు ముందు సంపాదన పెరిగేది కనుక నూటికి 40 వంతున కలుపుతారు. అది 2,52,000 అవుతుంది. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేస్తే 1,89,000. ముప్పై ఏళ్ల వయసుకు దీనిని 17తో గుణిస్తారు. మొత్తం 32,13,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి, వడ్డీ అదనం.

ఏడాదికి 2,094 రూపాయల కాగితం ఈ 32 లక్షల బరువును మోస్తుంది. డ్రైవరు షరతు తప్పితే ఆ బరువంతా యజమాని మెడ మీదికి జారుతుంది. చట్టంలోని 174వ సెక్షను ప్రకారం ఈ సొమ్మును భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్లుగా కలెక్టరు ద్వారా రాబట్టే వీలుంది. ఆ మాట వింటే చాలు, రైతుకు ఇక విడమరచి చెప్పనక్కర లేదు.

తండ్రి పేరున కారు, కొడుకు చేతిలో స్టీరింగు

మన ఊళ్లలో చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉన్నది. బండి యజమానే నడుపుతూ ప్రమాదంలో చనిపోతే అతని కుటుంబానికి 15 లక్షల రూపాయలు వచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నది. దానికి యజమాని పేరు మీదే బండి, యజమానికే లైసెన్సు ఉండాలి. తండ్రి పేరున ఉన్న కారును కొడుకు నడుపుతూ తన తప్పు వల్ల చనిపోతే ఈ 15 లక్షలు రావు. ఎందుకంటే అతను రిజిస్టరు అయిన యజమాని కాడు. పోనీ థర్డ్ పార్టీ కింద వస్తుందా అంటే, యజమాని నుంచి బండి తీసుకొని నడిపేవాడు యజమాని స్థానంలోనే ఉన్నట్లని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇంటికి అన్నం పెట్టే కొడుకు పోతే, ఏటా కట్టిన బీమా ఆ ఇంటిని ఆదుకోకపోవచ్చు.

అందుచేత వీలైనంత వరకు నడిపేవాడి పేరు మీదే బండి ఉండాలి. అప్పుకు తండ్రి హామీదారుగా సంతకం చేయవచ్చు గాని, బండికి యజమాని కానక్కర లేదు. అది కుదరకపోతే, కారు నడిపే కొడుకు పేరున విడిగా ప్రమాద బీమా చేయించాలి.

అమ్మేసినా వదలదు

కారు అమ్మి డబ్బులు తీసుకొని, ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చి, ఇక తమకు సంబంధం లేదనుకునేవారు ఉన్నారు. కొన్నవాడు పేరు మార్చుకోకుండా ఏళ్ల తరబడి తిప్పుతాడు. అలాంటి బండి ప్రమాదం చేస్తే ఎవరు బాధ్యులు? రిజిస్ట్రేషన్ కాగితంలో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో బండి అప్పటికే నలుగురు చేతులు మారింది. అయినా రిజిస్టరు యజమానే బాధ్యుడయ్యాడు. కనుక అమ్మిన వెంటనే రవాణా శాఖకు తెలియజేసి, పేరు మారిందని రూఢి చేసుకున్న తర్వాతే నిద్రపోవాలి. కొన్నవారు బీమా కాగితంలో తమ పేరు ఎక్కించమని 14 రోజులలోగా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి.

నోటీసు వస్తే ఏమి చేయాలి?

కోర్టు కాగితం వచ్చిన రోజే దానిని వకీలుకు చూపించాలి. పట్నంలో ఉన్న కొడుకు మాటను, ఏజెంటు మాటను నమ్మి ఊరుకోరాదు. డ్రైవరు లైసెన్సు నకలు, బీమా కాగితం, రిజిస్ట్రేషన్ కాగితం, పోలీసు కేసు నకలు వెంట తీసుకుపోవాలి. లైసెన్సు చూసే బండి ఇచ్చామని చెప్పగలిగితే అది కోర్టులో చెప్పాలి.

హాజరు కానందువల్ల తీర్పు ఏకపక్షంగా వచ్చి ఉంటే, తగిన కారణం చూపి దానిని రద్దు చేయమని అదే ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. హైకోర్టుకు అప్పీలు చేయడానికి తీర్పు తేదీ నుంచి 90 రోజుల గడువు ఉన్నది. అప్పీలు వేసేవారు 25,000 రూపాయలు గాని, తీర్పు మొత్తంలో సగం గాని, ఏది తక్కువైతే అది ముందుగా జమ చేయాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తుంది. దీనికి 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

సొంత బండి క్లెయిమును కంపెనీ అన్యాయంగా కాదన్నదని తోస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255. అయితే ట్రిబ్యునల్‌లో నడిచే ప్రమాద కేసులను వీరు చూడరు.

ఇక మనవారే ప్రమాద బాధితులైతే, ఆరు నెలలలోగా ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయడం మేలు. ఢీకొట్టిన బండి ఏదో తెలియకపోయినా, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నది.

బండి ఇచ్చే ముందు

నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. నడిపే మనిషి లైసెన్సు కళ్లారా చూడాలి, అందులో కారు అని ఉన్నదో లేదో, గడువు ఉన్నదో లేదో చదివించుకోవాలి, ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. బీమా గడువు ముగియక ముందే కట్టాలి, కట్టిన కాగితం అసలుదో కాదో ఎం-పరివాహన్ యాప్‌లో సరిచూసుకోవాలి. కిరాయి బండికి కిరాయి బీమానే చేయించాలి. తాగిన మనిషికి, బామ్మర్ది అయినా సరే, తాళం చెవి ఇవ్వరాదు.

ఆ రైతు ఇప్పుడు వకీలును పెట్టుకున్నారు. ఏకపక్ష తీర్పును రద్దు చేయాలని దరఖాస్తు వేశారు. ఏమవుతుందో తేలలేదు. కొడుకు కారు అమ్మకానికి పెట్టి మరొకరి దగ్గర జీతానికి బండి నడుపుతున్నాడు. లైసెన్సు లేని స్నేహితుడు ఊరు విడిచి పోయాడు.

"మా ఊళ్లె ఇంక ఆరుగురు పిలగాండ్లు పట్నంల కార్లు నడుపుతున్నరు సారూ. నాలుగు కార్లు తండ్రుల పేరు మీదనే ఉన్నయి. నా సంగతి రాయుండ్రి, పేరొక్కటి రాయకుండ్రి" అని ఆయన చెప్పి, ప్లాస్టిక్ సంచి మడిచి చంకన పెట్టుకొని పట్నం బస్సెక్కారు. మరుసటి రోజు ఆయనకు కోర్టులో వాయిదా ఉన్నది.